తడిబల్బు చూపిన దారి: కర్నూలు నుంచి రాజంపేట దాకా ఆరు రోజులు

కృత్తిక కార్తె చివర్లో, రోళ్లు పగిలే రోహిణికి ఇంకా వారం ఉందనగా మొదలైన ప్రయాణం ఇది. సీమలో ఎండాకాలపు గాలివానలు ఏప్రిల్, మే నెలల్లో ఎక్కువ. మధ్యాహ్నం మూడుకూ రాత్రి ఎనిమిదికీ మధ్య పుడతాయి, గంటా రెండు గంటల్లో పని ముగించుకుని పోతాయి. అది పుట్టే చోటు పొద్దున్నే చెప్పడం, అది పుట్టకముందే అక్కడికి చేరడం, ఈ ఆరు రోజుల పని అంతే. మూడు రోజులు లెక్క కుదిరింది, రెండు రోజులు తప్పింది. ఒకరోజు ఏమీ రాదన్నాం, ఏమీ రాలేదు.

సామాను పెద్దదేం కాదు. గాలి వేగం కొలిచే చేతి అనిమోమీటరు, ఒక రెయిన్‌గేజ్, ప్లాస్టిక్ స్కేలు, బారోమీటర్ సెన్సర్ ఉన్న ఫోను. అన్నిటికన్నా పనికొచ్చింది గాలిలో తేమ కొలిచే తిప్పుడు సైక్రోమీటరు. పిడికి బిగించిన రెండు థర్మామీటర్లు, ఒకదాని బల్బుకు పల్చటి మల్లుగుడ్డ తొడుగు. గుడ్డ తడిపి, నీడలో, గాలికి ఎదురుగా నిలబడి, సెకనుకు రెండు మూడు చుట్ల చొప్పున నిమిషంన్నర తిప్పాలి. ఆపగానే ముందు తడిబల్బు చదవాలి, తర్వాత పొడిబల్బు. మళ్లీ తిప్పాలి. వరసగా రెండుసార్లు ఒకే అంకె వస్తేనే రాసుకోవాలి.

నీళ్ల దగ్గరే చాలామంది బోల్తా పడతారు. అనంతపురం వైపు బోరు నీళ్లలో ఉప్పెక్కువ. రెండు రోజులు ఆ నీళ్లతో తడిపితే గుడ్డ అట్టకట్టి, ఆవిరి సరిగా పోదు, తడిబల్బు ఎక్కువ చూపిస్తుంది. పొడిబల్బు 40, తడిబల్బు 22 ఉన్నప్పుడు డ్యూ పాయింట్, అంటే గాలిలోని తేమ నీరుగా పేరుకోవడం మొదలయ్యే ఉష్ణోగ్రత, 13 డిగ్రీలు. అది ఎంత ఎక్కువైతే గాలిలో తేమ అంత ఎక్కువ. అదే తడిబల్బు పొరపాటున 24 చూపిస్తే డ్యూ పాయింట్ 17కు ఎగబాకుతుంది. రెండు డిగ్రీల తప్పు నాలుగు డిగ్రీలైంది. 13కూ 17కూ మధ్య ఉన్నది ఉత్త దుమ్ముగాలికీ అసలు వానకూ ఉన్న తేడా. బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ వాటర్ ఒక లీటరు సీసా కొనుక్కుంటే ప్రయాణం మొత్తానికి సరిపోతుంది.

మొదటి రోజు: కర్నూలు

పొద్దున ఐదున్నర లెక్కకు, పైగాలిలో వేడి, తేమ కొలిచే బెలూను ఎగరేసే కేంద్రాల్లో ఈ దారికి పనికొచ్చేవి మూడు: హైదరాబాదు, బెంగళూరు, చెన్నై. కర్నూలుకు హైదరాబాదు బెలూను చూడాలి, అనంతపురం దాటాక బెంగళూరుది, కడప దాటాక చెన్నైది. ఆ అంకెలు వ్యోమింగ్ విశ్వవిద్యాలయం వెబ్‌సైట్లో ఎవరైనా చూడొచ్చు. అన్ని సూచికల జోలికీ పోనక్కర్లేదు. ఉరుముల వానకు ఎంత అవకాశముందో చెప్పే కె ఇండెక్స్ ఒక్కటి చేత్తో కట్టుకోవచ్చు. గాలి పీడనం 850 హెక్టోపాస్కల్ ఉండే మట్టం, అంటే సుమారు కిలోమీటరున్నర ఎత్తులోని ఉష్ణోగ్రత నుంచి 500 మట్టం ఉష్ణోగ్రత తీసెయ్యాలి. దానికి 850 డ్యూ పాయింట్ కలపాలి. 700 మట్టంలో ఉష్ణోగ్రతకూ డ్యూ పాయింట్‌కూ ఉన్న తేడాను అందులోంచి తీసెయ్యాలి. ముప్పై దాటితే ఆశ పెట్టుకోవచ్చు, ముప్పై ఐదు దాటితే బండి తియ్యొచ్చు. ఆరోజు హైదరాబాదు అంకెలు: 850లో 27, 500లో మైనస్ 6, 850 డ్యూ పాయింట్ 9, 700లో తేడా 16. మొత్తం 26.

మధ్యాహ్నం మూడింటికి తుంగభద్ర ఒడ్డున పొడిబల్బు 40, తడిబల్బు 22. ఉష్ణోగ్రతకూ డ్యూ పాయింట్‌కూ ఉన్న తేడాను 125తో గుణిస్తే మబ్బు అడుగు ఎంత ఎత్తులో కడుతుందో మీటర్లలో వస్తుంది. 27 ఇంటూ 125, దాదాపు 3,400 మీటర్లు. అంత ఎత్తుకు పోయేలోపే పైనున్న వెచ్చని పొర గిన్నె మీద మూతలా అడ్డం కూర్చుంది. ఆకాశం నీలంగా, కడిగినట్టు ఉంది. సాయంత్రం దాకా పిట్టంత మబ్బు కూడా పుట్టలేదు.

“ఇంత సెగ కాసిందంటే పొద్దుకూకేసరికి వాన ఖాయం” అనే మాట కర్నూలు బజారులో ఆరోజు నాలుగుసార్లు వినిపించింది. ఎండ ఒక్కటే వాన తెచ్చేదైతే సీమలో మే నెలంతా ముసురే పట్టాలి. సెగ గాలిని లేపుతుంది. లేచిన గాలి మబ్బుగా మారడానికి తేమ కావాలి. ఆ తేమ కూడా నేల మీద పల్చగా పరచుకుని ఉంటే చాలదు, కిలోమీటరు పైగా మందం ఉండాలి. పల్చటి తేమైతే పదకొండు గంటలకల్లా పైనుంచి దిగే పొడిగాలిలో కలిసి ఆరిపోతుంది. ఉదయం ఎనిమిదికి డ్యూ పాయింట్ 19 ఉండి మూడింటికి 13కు పడిపోయిందంటే కారణం అదే. అందుకే పొద్దుటి రీడింగు చూసి మురిసిపోకూడదు. పదకొండు తర్వాత కూడా నిలబడిన డ్యూ పాయింటే లెక్కలోకి వస్తుంది.

రెండో రోజు: కోడుమూరు, పత్తికొండ, జొన్నగిరి

కె ఇండెక్స్ 31. ఉగ్గాని బజ్జీ తిని తొమ్మిదింటికి బయల్దేరితే పత్తికొండకు పదకొండున్నర. దారిలో ఫోను బారోమీటరు దడదడా పడిపోతూ వచ్చింది. కొత్తవాళ్లు ఇక్కడ కంగారుపడతారు. అది వాతావరణం కాదు, రోడ్డు ఎక్కడం. తొమ్మిది మీటర్లు పైకి పోతే ఒక హెక్టోపాస్కల్ తగ్గుతుంది. కర్నూలు నుంచి గుంతకల్లుకు పోతేనే పదిహేను పైన పోతాయి. ఒకచోట ఆగి ఉన్నా ఉదయం పదికి ఎక్కువగా ఉన్న పీడనం సాయంత్రం నాలుగుకు మూడు నాలుగు హెక్టోపాస్కల్‌లు దిగుతుంది. మన అక్షాంశాల్లో అది రోజూ జరిగేదే. కదలకుండా నిలబడ్డాక, పది నిమిషాల్లో ఒక్కసారిగా వచ్చే ఎగుడు ఒక్కటే పట్టించుకోవాలి.

తుగ్గలి, జొన్నగిరి చేలల్లో తొలకరి వానలు పడగానే వజ్రాలు వెతికేవాళ్లు దిగుతారు. ఎక్కడెక్కడి నుంచో వచ్చి, గట్ల మీద టార్పాలిన్ వేసుకుని, ఎర్రనేలలో వంగి నడుస్తుంటారు. వాళ్లకు వాన కావాలి, వానకు ముందొచ్చే గాలి మాత్రం వద్దు. ఆరోజు వచ్చింది గాలే.

మూడున్నరకు పడమట మోడం పట్టింది. మబ్బు అడుగు చాలా ఎత్తులో, చదునుగా, బూడిద రంగులో ఉంది. దాని కింద వాన ధారలు జడలు వదిలినట్టు వేలాడుతున్నాయి, కానీ నేలకూ వాటికీ మధ్య వెలుతురు కనిపిస్తోంది. అంటే వాన మధ్యలోనే ఆవిరైపోతోంది. ఈ వెలుతురు చూసి “ఆ, ఇక్కడికి రాదులే” అనుకోవడం పెద్ద పొరపాటు. కిలో గాలిలో ఒక గ్రాము నీరు ఆవిరైతే ఆ గాలి రెండున్నర డిగ్రీలు చల్లబడుతుంది. మూడు కిలోమీటర్ల పొడిగాలిలోంచి దిగే వాన ఆ గాలిని చల్లబరుస్తూ, బరువెక్కిస్తూ, తనతోపాటే కిందికి తోస్తుంది. వాన దారిలో అయిపోతుంది, గాలి మాత్రం నేలను కొట్టి నలుదిక్కులా పరుచుకుంటుంది.

గట్టు మీద గొర్రెలు కాసే పెద్దాయన్ను అడిగితే లెక్కలేవీ లేకుండా తేల్చేశాడు.

“ఏం పెద్దాయనా, వాన వస్తాదా?”

“మబ్బు గుడ్డిది నాయనా. నీళ్లు దిగవు, గాలి దిగుతాది. ఆ గుడ్డలు గట్టిగా కట్టుకోమను వాళ్లను.”

నాలుగు ఇరవైకి దుమ్ము కనబడింది. నేల మీద ఎర్రగా పాకుతూ, ముందంచు పైకి లేచి వెనక్కి చుట్టుకుంటూ వచ్చింది. ఆ చుట్టు కనబడితే మీ దగ్గర ఉన్నది రెండు మూడు నిమిషాలే. అనిమోమీటరు గంటకు 57 కిలోమీటర్ల దాకా పోయింది. ఉష్ణోగ్రత ఐదు నిమిషాల్లో 40 నుంచి 31కి దిగింది, పీడనం ఒకటిన్నర హెక్టోపాస్కల్ ఎగిరింది. రెయిన్‌గేజ్‌లో అడుగు తడిసింది, అంతే. వాతావరణ శాఖ లెక్కలో గంటకు 41 నుంచి 61 కిలోమీటర్లు మధ్యస్థం, 62 నుంచి 87 తీవ్రం, ఆపైన అతి తీవ్రం. మధ్యస్థం అన్న మాటకే రెండు టార్పాలిన్‌లు కర్రలతో సహా లేచిపోయాయి.

బండిలో ఉన్నవాళ్లు ఇలాంటప్పుడు రోడ్డు మీద ఆపకూడదు, పూర్తిగా పక్కకు దించాలి. వేపచెట్టు కింద, హోర్డింగు కింద, కరెంటు లైను కింద అసలే వద్దు. గుత్తి, పత్తికొండ మధ్య ఎర్రగుడిలో అశోకుడి శాసనాలున్న బండరాళ్ల చాటు కూడా గాలికి చాటేగానీ పిడుగుకు కాదు.

మూడో రోజు: ఉరవకొండ, కూడేరు, అనంతపురం

ఈ రోజు లెక్క తప్పింది, ఎందుకు తప్పిందో తెలిసే తప్పింది.

ఎండాకాలంలో విదర్భ, మరాఠ్వాడా వైపు నుంచి కర్ణాటక లోపలి భాగాల మీదుగా, సీమను రాసుకుంటూ తమిళనాడు దాకా గాలులు విడిపోయే గీత ఒకటి పడుతుంది. వాతావరణ శాఖ రోజువారీ నివేదికలో ద్రోణి అనో, గాలుల విచ్ఛిన్నత అనో రాసేది దీన్నే. పడమట పొడిగాలి, తూర్పున బంగాళాఖాతం తేమ. గీత మీద రెండూ ఒరుసుకుని గాలి పైకి లేస్తుంది. మ్యాపు మీద అది చేతివేలంత లావున ఉంటుంది, అంటే నేల మీద వంద కిలోమీటర్లు. అసలు గీత ఎక్కడుందో రోడ్డు మీదే వెతుక్కోవాలి.

ఉరవకొండలో పదకొండున్నరకు పడమటి గాలి, డ్యూ పాయింట్ 12. కూడేరులో గాలి ఎటూ తేలలేదు, 15. అనంతపురం పొలిమేరలో ఆగ్నేయం గాలి, 18. యాభై కిలోమీటర్లలో ఆరు డిగ్రీలు. గీత కూడేరు దాటాక ఉందని తేలింది, నాలుగింటికి అనంతపురంలోనే వాన అని రాసుకున్నాం.

మూడింటికి అనంతపురంలో గాలి పడమటికి తిరిగింది. డ్యూ పాయింట్ 13. మధ్యాహ్నం వేడికి పైనున్న పొడిగాలి కిందికి కలిసేకొద్దీ గీత తూర్పుకు జరుగుతూ పోతుంది, సాయంత్రం చల్లబడ్డాక మళ్లీ పడమటికి వెనక్కొస్తుంది. పదకొండున్నరకు దొరికిన గీతను నాలుగు గంటలకూ అక్కడే ఉంటుందని అనుకోవడమే తప్పు. ఇంకో అరవై కిలోమీటర్లు తూర్పుకు లెక్కేసుకుని ఉండాల్సింది. ఐదింటికి కదిరి దిక్కున తెల్లటి గొడుగు లేచింది, కమ్మరి దాగలి ఆకారంలో, ఎండ పడి మెరుస్తూ. చూడ్డానికి చక్కగా ఉంది. కానీ చూడాల్సింది దాని కింద నిలబడి.

రాడారు కాపాడలేదా అంటే, అనంతపురం దగ్గర రాడారును నమ్ముకోవడం కష్టమే. హైదరాబాదు, చెన్నై రాడార్లు రెండూ నేరుగా కొలిచినా 300 కిలోమీటర్ల పైన. భూమి వంపు వల్ల, అర డిగ్రీ కోణంలో వదిలిన కిరణం కూడా ఇక్కడికి వచ్చేసరికి 8 కిలోమీటర్ల పైన పోతుంది. మబ్బు నెత్తి తప్ప ఏమీ కనబడదు, అదీ బాగా పెరిగాకే. కర్నూలు నయం, హైదరాబాదు నుంచి సుమారు 185 కిలోమీటర్లు. అక్కడ కిరణం మూడున్నర కిలోమీటర్ల ఎత్తులో పోతుంది. మబ్బు పొట్ట కనిపిస్తుంది, కింద పాకే గాలి అంచు మాత్రం కనబడదు.

నాలుగో రోజు: బత్తలపల్లి, కదిరి, పులివెందుల

బెంగళూరు బెలూను: 850లో 26, 500లో మైనస్ 7, డ్యూ పాయింట్ 14, 700లో తేడా 7. కె ఇండెక్స్ 40. పొద్దున ఏడింటి నుంచీ పది నిమిషాలకొకసారి ఫోను చూసే బదులు పదకొండింటికి ఒక్కసారి వాతావరణ సూచన చెప్పే కంప్యూటర్ మోడల్‌ను పరీక్షించడం మంచిది. మోడల్ ఆ గంటకు ఆ ఊరికి చెప్పిన డ్యూ పాయింట్, సైక్రోమీటరు చూపించింది పక్కపక్కన పెట్టాలి. మూడు డిగ్రీలకన్నా తేడా ఉంటే ఆ రోజుకు ఆ మోడల్ చెప్పిన కేప్ అంకెలు, అంటే గాలిముద్దకు పైకి ఎగరడానికి దొరికే శక్తి లెక్కలు, పక్కన పడేయాలి. ఆరోజు తేడా ఒక్క డిగ్రీనే.

ఒంటిగంటకు బత్తలపల్లిలో పొడి 38, తడి 24, డ్యూ పాయింట్ 18. మబ్బు అడుగు 2,500 మీటర్లు. నిన్నటి పాఠం గుర్తుంచుకుని కదిరి దాటి పులివెందుల రోడ్డు పట్టాం.

మబ్బును కంటితో చదవడం ఇక్కడే బాగా కుదిరింది. పన్నెండున్నరకు గుట్టల మీద దూదిపింజలు. అంచులు చెదిరి మసకబారే పింజలు చచ్చిపోతున్నవి, వాటిని వదిలెయ్యాలి. అంచు కత్తితో కోసినట్టు, కాలీఫ్లవర్ పువ్వులా ముడులు ముడులుగా ఉన్నది బతికున్నది. ఒంటిగంట యాభైకి అలాంటిది ఒకటి లేచి, పక్కవాటికన్నా రెండింతలైంది. రెండు పదికి మెడ సన్నబడి తెగిపోయింది. మూత ఇంకా ఉందన్నమాట. అదే చోట రెండోది లేచింది, మొదటిది వదిలిన తేమలోంచి ఎక్కింది కాబట్టి ఎండిపోలేదు. రెండు నలభైకి దాని నెత్తి మీద ముడులు కరిగి, నున్నగా, పీచుపీచుగా మారింది. నీటి బొట్లు మంచుగా మారాయని గుర్తు. అక్కణ్నుంచి పది పదిహేను నిమిషాల్లో మెరుపు చూడొచ్చు. రెండు యాభై రెండుకు మొదటి ఉరుము.

ఇన్సాట్ ఉపగ్రహ బొమ్మల్లో ఇదే సంగతి మైనస్ 20 నుంచి మైనస్ 52కు అరగంటలో దిగిన నెత్తి ఉష్ణోగ్రతగా కనిపించింది. ఆ బొమ్మ వాడేటప్పుడు రెండు జాగ్రత్తలు. గంట చాలాసార్లు యూటీసీలో, అంటే ప్రపంచ ప్రామాణిక సమయంలో ఉంటుంది. 09:00 అంటే మనకు మధ్యాహ్నం రెండున్నర, పొద్దున తొమ్మిది కాదు. రెండోది, ఉపగ్రహం భూమధ్యరేఖ మీదుండి ఏటవాలుగా చూస్తుంది కాబట్టి 15 కిలోమీటర్ల ఎత్తున్న మబ్బు నెత్తి మన దగ్గర దాదాపు ఐదు కిలోమీటర్లు ఉత్తరానికి జరిగి కనిపిస్తుంది. మండలం పేరు చెప్పి హెచ్చరించేవాళ్లకు ఐదు కిలోమీటర్లు చిన్న సంగతి కాదు.

పైగాలులు పడమర వాయవ్యం నుంచి గంటకు 15, 20 కిలోమీటర్లు. మబ్బు తూర్పుకు నడవాలి. కానీ తేమ ఆగ్నేయం నుంచి వస్తోంది, కాబట్టి కొత్త మబ్బులు ఆ పక్కే మొలుస్తాయి, మొత్తం గుంపు పైగాలి చెప్పిన దారికన్నా దక్షిణానికి వంగి కదులుతుంది. ఈ వంపు తెలియకనే చాలా హెచ్చరికలు పక్క మండలానికి పోతాయి.

పులివెందుల బయట, రెండు వైపులా దారి ఉన్న కూడలిలో బండి ఆపి అద్దాలెక్కించాం. కారు ఇనుపగుల్ల, పిడుగు పడినా పైపైనే నేలలోకి పోతుంది. బైకుకు, ఆటోకు ఆ రక్షణ లేదు. మెరుపుకూ ఉరుముకూ మధ్య సెకన్లు లెక్కపెట్టి మూడుతో భాగిస్తే కిలోమీటర్లు. ముప్పై సెకన్లు, అంటే పది కిలోమీటర్లు వచ్చేసరికి బయట ఎవరూ ఉండకూడదు. దామిని యాప్ ఇరవై, నలభై కిలోమీటర్ల వలయాల్లో పిడుగుల్ని చూపిస్తుంది. నలభై వలయంలో పడగానే గొర్రెల్ని చింతచెట్టు కిందికి తోలడం ఆపి, చెట్లు లేని పల్లపు చోటికి విడివిడిగా తోలాలి. చెట్టుకు పడిన పిడుగు నేలలో పాకేటప్పుడు ముందు కాళ్లకూ వెనక కాళ్లకూ మధ్య ఓల్టేజీ తేడా ఏర్పడి కరెంటు గుండె మీదుగా పోతుంది. ఒక్క పిడుగుకు మంద మొత్తం పడిపోవడానికి కారణం ఇది.

మూడు యాభై ఆరుకు గాలి ఆగిపోయింది. ఆకు కదల్లేదు. మబ్బు ముందు నల్లటి అరుగులాంటి వరస ఒకటి కిందికి దిగి, మన నెత్తి మీదుగా దాటింది. నాలుగు రెండుకు గాలి కొట్టింది, 68. తొమ్మిది నిమిషాల్లో 37 నుంచి 23కు దిగింది, పీడనం రెండున్నర హెక్టోపాస్కల్ ఎగిరింది. వాన ఆరు నిమిషాల తర్వాత గానీ రాలేదు. నష్టం మొదలయ్యేది ఆ ఆరు నిమిషాల్లోనే.

రోడ్డు పక్క అరటితోటలో అది దగ్గరగా చూడొచ్చు. అరటికి చెక్క లేదు, ఆకు డొప్పలు ఒకదాని మీదొకటి చుట్టుకుని నిలబడింది చెట్టు. పాతిక కిలోల గెల పైనుంటుంది, వేళ్లు పైపైనే ఉంటాయి. మొదటి తోపుకు ఆకులు చీలికలై గాలికి దారిచ్చాయి, చెట్లు నిలబడ్డాయి. తర్వాత వానకు నేల మెత్తబడింది. నాలుగు పదిహేనుకు రెండోసారి కొట్టిన గాలి 50 కూడా లేదు, కానీ ఈసారి వేళ్లతో సహా ఒరిగాయి. కర్ర పోటు పెట్టిన వరసల్లో కూడా పోటు గాలి వచ్చే పక్కన ఉన్నవి పనికిరాలేదు, గెల వంగే పక్కన, మెడ కింద బిగించినవే నిలబడ్డాయి. మూడు గంటల ముందు హెచ్చరిక వస్తే చెట్టును కాపాడ్డం కష్టం, తయారైన గెలలు కొట్టి దించుకోవచ్చు. చీనీ తోటలో చెట్టు పడదు, పిందె, కాయ రాలుతుంది.

వడగళ్లు నాలుగు నిమిషాలు పడ్డాయి. స్కేలు మీద పెట్టి కొలిస్తే పెద్దది 12 మిల్లీమీటర్లు, చింతగింజంత. మే నెలలో ఇక్కడ గడ్డకట్టే మట్టం సుమారు ఐదు కిలోమీటర్ల ఎత్తులో ఉంటుంది. అంత దూరం కరుగుతూ దిగి కూడా చింతగింజంత మిగిలిందంటే పైన దాని సైజు ఊహించుకోవచ్చు. మధ్యపొరలు పొడిగా ఉన్న రోజుల్లోనే రాళ్లు నేలకు చేరడం ఎక్కువ. ఆవిరి వల్ల రాయి చుట్టూ గాలి చల్లబడి కరగడం ఆలస్యమవుతుంది. వాన 25 నిమిషాల్లో 22 మిల్లీమీటర్లు, అదీ గాలికి కొంత గేజ్‌లో పడకుండా పోగా.

ఐదో రోజు: ముద్దనూరు, గండికోట, జమ్మలమడుగు

తప్పిన రెండో లెక్క. తడిసిన నేల వల్ల డ్యూ పాయింట్ 21కి ఎగబాకింది, మోడల్‌లో కేప్ 2,500 దాటింది. గండికోట మీద నాలుగింటికి వాన అని రాసుకున్నాం. నిన్నటి గొడుగు మిగిల్చిన పల్చటి మబ్బు పదకొండున్నర దాకా ఎండను అడ్డుకుంది, నేల మీద నిన్నటి చల్లగాలి ఇంకా పరుచుకునే ఉంది. మూత తెరుచుకోవాలంటే 38 కావాలి, ఉష్ణోగ్రత 35 దగ్గరే ఆగిపోయింది. పెన్న లోయ అంచున కూర్చుని సాయంత్రం దాకా నీలి ఆకాశం చూడ్డమే మిగిలింది. పెద్ద వాన పడిన మర్నాడు అదే చోట మళ్లీ వాన రాయడానికి ముందు పొద్దుటి ఉపగ్రహ బొమ్మలో మిగులు మబ్బు ఎక్కడుందో చూడాలి.

ఆరో రోజు: కడప, సిద్దవటం, ఒంటిమిట్ట, రాజంపేట

కడపలో కారం దోశ, పన్నెండింటికి పొడి 39, తడి 26, డ్యూ పాయింట్ 21. ఇక్కడి గాలి వేరే గాలి. పెన్న వెలికొండల్ని చీల్చుకుని సోమశిల దగ్గర బయటపడుతుంది. ఆ సందు గుండా, కొండల తక్కువ మట్టాల మీదుగా సముద్రపు తేమ సాయంత్రానికి సిద్దవటం, ఒంటిమిట్ట వైపు చేరుతుంది. రాడారు కూడా ఇక్కడ మనవైపే ఉంటుంది. శ్రీహరికోట రాడారు రాజంపేటకు సుమారు 130 కిలోమీటర్లే, కిరణం రెండు కిలోమీటర్ల ఎత్తులో పోతుంది.

సాయంత్రం ఆరింటికి వాన అనుకున్నాం. ఆరింటికి రాలేదు. ఏడింటికి నందలూరు దగ్గర గాలి ఆగ్నేయానికి తిరిగింది, ఒళ్లంతా జిగట. పొడి 32, డ్యూ పాయింట్ 24. మబ్బు అడుగు వెయ్యి మీటర్లే. తొమ్మిదిన్నరకు కొండల మీద పుట్టినది రాజంపేట మీదికి నిదానంగా దిగింది. సముద్రగాలి కొండ దాటే వేళను మూడున్నర గంటలు ముందు వేసుకోవడం తప్పు. చోటు మాత్రం తప్పలేదు.

జొన్నగిరికి ఇది పూర్తిగా తిరగబడిన వాన. అడుగు కిందికి ఉంది, గాలి తేమగా ఉంది, దారిలో ఆవిరయ్యేది దాదాపు లేదు. గాలి 38 దాటలేదు, వాన మాత్రం గంటలో 48 మిల్లీమీటర్లు. ఇలాంటి రాత్రి భయపడాల్సింది చెట్లకు కాదు, వంకలకు. కొండవాలు వంక అరగంటలో నిండుతుంది, మన నెత్తిన చినుకు లేకపోయినా ఎగువ వాన చాలు. చప్టా మీద నీళ్లు మోకాలి లోతుకొస్తే కారు తేలుతుంది, రాత్రిపూట ఆ లోతు హెడ్‌లైట్ వెలుగులో తెలియదు. చక్రం సగానికన్నా నీళ్లుంటే ఆగిపోవడమే. చెయ్యేరు పేరెత్తితే ఇక్కడ అందరికీ 2021 నవంబరులో అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది గుర్తొస్తుంది. అది వాయుగుండం తెచ్చిన, రోజుల తరబడి పడిన వాన. ఎండాకాలపు వాన చెయ్యేరును నింపదు, దానిలో కలిసే చిన్న వంకల్ని మాత్రం నింపి, గంటలో ఖాళీ చేసి పోతుంది. మనుషులు పోయేది ఆ గంటలోనే.

పదకొండింటికి సెల్ టవరు పోయింది, కరెంటు అంతకుముందే పోయింది. చివరి రాడారు బొమ్మ ఫోన్లో దాచుకోవడం అందుకే. సైక్రోమీటరు వరండాలో తిప్పితే పొడి 24, తడి 23.6. కర్నూల్లో రెండింటి మధ్య పద్దెనిమిది డిగ్రీలుండేది.

చివరి ఉరుము 11:12కు వినబడింది. దాని తర్వాత ముప్పై నిమిషాలు ఆగాలి కాబట్టి రెయిన్‌గేజ్ దగ్గరికి 11:42కు నడిచాం. 51 మిల్లీమీటర్లు.